జబీన్ గీసిన జ్వరాల గ్రాఫు

సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి జబీన్ ఆఫీసుకు వెనక తలుపు గుండానే వస్తోంది. ముందు తలుపుకు ఉద్యోగ సంఘం వాళ్లు తాళం వేసి, తాళం మీద ‘జై తెలంగాణ’ కాగితం అంటించారు. వెనక తలుపు తీసేది అటెండర్ కాశయ్య. ఆయన కూడా సమ్మెలో ఉన్న మనిషే. పొద్దున్నే వచ్చి తలుపు తీసి, కుండలో నీళ్లు నింపి, తర్వాత రోడ్డు అవతల దీక్ష టెంటులోకి పోయి కూర్చుంటాడు.

“తలుపు తీసుడు పని గాదు బిడ్డా,” అన్నాడు మొదటిరోజే. “గాలి రావాలెనని తీస్తున్న. ఆ గాలితోని నువ్వు గూడ లోపలికి వోతే నాకేం ఎరుక?”

జబీన్‌కు నవ్వు రాలేదు. టెంటు ముందు నుంచి నడవాల్సి వచ్చినప్పుడు ఆమె నఖాబ్ దించుకునేది. దించుకున్నందువల్ల గుర్తుపట్టకుండా పోయేవాళ్లెవరూ లేరు. ఆ ఆఫీసులో బుర్ఖా వేసుకునేది ఆమె ఒక్కతే. అయినా దించుకునేది.

ఆమె మొదటి నుంచీ భయస్థురాలేం కాదు. తండ్రి జావేద్ సిద్దిపేటలో ఆటోలకు సీట్లు కుట్టేవాడు. ఒక మధ్యాహ్నం, ఆమె ఇంటర్ చదువుతున్న రోజుల్లో, సీటు కుడుతూ కుడుతూ మిషను మీదికే ఒరిగిపోయాడు. కబురు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి మొదట “ఏం లేదమ్మా” అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరు ఏ మాట మొదలుపెట్టినా దాని వెనక ఇంకో మాట ఉందనిపించేది ఆమెకు. ఫోన్ మోగితే గుండె జారేది. తల్లి హుస్నాబీకి కళ్లు సరిగా ఆనవు. చెల్లెలు నస్రీన్ డిగ్రీ చదువుతోంది. ఇంటికి జీతం తెచ్చేది జబీన్ ఒక్కతే. ఆ జీతం కూడా ఏజెన్సీ ద్వారా వచ్చేది, ఏజెన్సీ వాళ్లు వద్దన్న రోజున ఆగిపోయేది.

ఏజెన్సీ మనిషి హస్నైన్ సమ్మె మొదలైన రోజే ఫోన్ చేసి చెప్పాడు. “ఔట్‌సోర్సింగోళ్లకు సమ్మె లేదు, బహెన్. పర్మనెంటోళ్లు కూసుంటరు, లేస్తరు, వాళ్ల కొలువు వాళ్లకుంటది. నువ్వు కూసుంటే నీ కుర్చీల ఇంకొకరు కూసుంటరు. నా మీద కోపం వెట్టుకోకు.”

ఆమె పని ఊళ్ల నుంచి వచ్చే జ్వరాల లెక్కను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ప్రతి ఆరోగ్య కేంద్రం నుంచి వారానికొకసారి ఒక కాగితం వస్తుంది. ఎంతమందికి జ్వరం, ఎంతమందికి రక్తపరీక్ష. ఆ అంకెలు గడుల్లో నింపడంతో ఆమె పని అయిపోతుంది. వాటితో గ్రాఫులు గీసేది గుమాస్తా కర్ణాకర్. పెద్ద తెల్లచార్టు మీద స్కేలు పెట్టి, స్కెచ్ పెన్నులతో గీసి గోడకు తగిలించేవాడు. ఆయన గీతలు చూసి పోవడానికి పక్క ఆఫీసుల వాళ్లు కూడా వచ్చేవారు. ఇప్పుడాయన టెంటులో ఉన్నాడు.

దసరా పోయిన తర్వాతి సోమవారం జిల్లా ఆరోగ్య కార్యాలయం నుంచి అధికారి ప్రమీలాదేవి మేడం ఫోన్ చేసింది.

“జబీన్ కదమ్మా? మీకు కొత్త కంప్యూటర్ ఇచ్చారు కదా. శుక్రవారం హైదరాబాద్ వాళ్లతో వీడియో కాన్ఫరెన్స్ ఉంది. ఒక్కో కేంద్రానికి ఒక్కో గ్రాఫు తెర మీద చూపించాలి. చేతితో గీసినవి ఇక ఒప్పుకోరట. నీకు గ్రాఫులు చెయ్యడం వచ్చా?”

“వచ్చు మేడం,” అంది జబీన్.

రాదు అంటే ఆ వెంటనే ఏ మాట వస్తుందోనన్న భయమే ఆ మాట అనిపించింది. అన్నాక నోటి మీద చేయి పెట్టుకుంది.

“మంచిది. ఉన్నవి రెండే వైద్య బృందాలు. ఏ ఊరి గీత పైకి పోతుంటే ఆ ఊరికి పంపుతారు. అక్కడికక్కడే నిర్ణయం. అందుకని తప్పులు రాకూడదు. చెయ్యలేకపోతే ఇప్పుడే చెప్పు, ఏజెన్సీ వాళ్లు ఇంకెవరినైనా పంపుతారు.”

“చేస్త మేడం.”

ఫోన్ పెట్టేసి కొత్త కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత బస్టాండు వెనక ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె నేర్చుకున్న ఎక్సెల్ వేరు. అందులో పనుల పేర్లు వరుసగా కిందికి జారేవి. ఇందులో పైన పట్టీ నిండా బొమ్మలే. ఏ బొమ్మ నొక్కితే ఏం పోతుందో తెలియదు. అంకెలన్నీ పోతే? ఎండాకాలం నుంచి ఎక్కించిన అంకెలు అవి. ముందుగా ఆ ఫైలుకు ఒక నకలు చేసింది. నకలుకు ఇంకో నకలు చేసింది. రెండో నకలు తెరిచాక గానీ మౌస్ మీద చేయి నిలవలేదు.

‘ఇన్సర్ట్’ దగ్గర గ్రాఫుల బొమ్మలు కనిపించాయి. పట్టికంతా ఒకేసారి ఎంచుకుని గీత బొమ్మ నొక్కింది. తెర మీద రంగురంగుల దారాల చిక్కు ఒకటి వచ్చి పడింది. ఏ దారం ఏ ఊరిదో, ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో దేవుడికే తెలియాలి. భయపడి కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కింది. చిక్కు మాయమైంది. పట్టిక ఎప్పటిలాగే ఉంది. ఇంకోసారి చేసింది, ఇంకోసారి పోగొట్టింది. చేసినదాన్ని చెయ్యనట్టు చెయ్యవచ్చునన్న సంగతి ఆమెకు ఆ పొద్దు దొరికిన మొదటి ధైర్యం.

తర్వాత ఒక ఊరి వరుస ఒక్కటే ఎంచుకుని చూసింది. ఒకే గీత వచ్చింది. కింద వారాలకు బదులు ఒకటి, రెండు, మూడు అని పడింది. పై వరుసను కూడా కలిపి ఎంచుకుంటే వారాలు వచ్చాయి. గీత మీద చుక్కలు పెట్టే బొమ్మ వేరే ఉందని కూడా తెలిసింది. ఎక్కడ ఏం నొక్కిందో మరిచిపోతానేమోనని ప్రతిదీ వెంటనే ఇంకో ఊరికి చేసి చూసుకుంది. మూడు ఊళ్లయ్యేసరికి చేతికి దారి తెలిసింది.

అప్పుడే కరెంటు పోయింది.

బొగ్గు గనుల్లో కూడా సమ్మె నడుస్తోంది. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేని రోజులవి. యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు వింటే జబీన్‌కు ఎక్కడ ఏది నొక్కాలో తోచలేదు. భద్రపరిచే బొమ్మ కళ్ల ముందే ఉన్నా కనపడలేదు. అరుపు ఆగింది. తెర నల్లబడింది. మూడు ఊళ్లూ పోయాయి.

మర్నాడు ప్రతి గీతకూ ఒకసారి భద్రపరుస్తూ, మళ్లీ మొదటి నుంచి చేసుకొచ్చింది. ఈసారి ఇంకో ఆపద వచ్చింది. కొన్ని ఊళ్ల గీతలు సెప్టెంబర్ మధ్య దాకా బాగానే నడిచి, ఒక్కసారిగా బావిలో పడ్డట్టు నేల మీదికి పడిపోతున్నాయి. కొన్ని వారాలు నేల మీదే పాకి మళ్లీ పైకి లేస్తున్నాయి. జగదేవ్‌పూర్ కేంద్రం గీతైతే మరీ ఘోరం. ఈ గ్రాఫు చూస్తే ఆ వారాల్లో ఊళ్లో ఒక్కరికీ జ్వరం రాలేదనే అనుకుంటారు.

ఎన్నిసార్లు చేసినా అంతే. అడగడానికి ఆఫీసులో ఎవరూ లేరు. రోడ్డు అవతల టెంటులో కర్ణాకర్ ఉన్నాడు. పోవాలా వద్దా అని నీళ్ల కుండ దగ్గర చాలాసేపు నిలబడింది. చివరికి నఖాబ్ దించుకుని రోడ్డు దాటింది.

టెంటులో మైకు పట్టుకుని ఎవరో మాట్లాడుతున్నారు. ముందు వరసలో కూర్చున్న పక్క ఆఫీసు కనకవ్వ ఆమెను చూసింది.

“ఇగో, మన జబీన్ వచ్చె! ఏమే, లోపట సల్లగున్నదా? తెలంగాణ వచ్చినంక నువ్వు ఏ తలుపుల నుంచి వస్తవే?”

చుట్టూ నవ్వులు లేచాయి. “ఊకో కనకవ్వా,” అన్నాడు కాశయ్య, “ఆ పిల్లకు ఏజెన్సీ కొలువు. నీ లెక్క పింఛిని వస్తదా దానికి?”

కర్ణాకర్ లేచి టెంటు పక్కకు వచ్చాడు. ఆమె చెప్పింది విని కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“కంప్యూటర్ సంగతి నాకు తెల్వదు. నేనైతే రిపోర్టు రాని వారానికి పెన్ను లేపుత. చుక్క వెట్ట, గీత గియ్య. మళ్ల రిపోర్టు వచ్చిన వారం నుంచి మొదలువెడ్త. నువ్వు రాని వారం గడిల ఏం రాస్తున్నవ్?”

“డ్యాష్ పెడుతున్న సార్. మీరే చెప్పిన్రు గద, ఖాళీ విడిస్తే ఎవడన్న తర్వాత ఏదో ఒక అంకె ఎక్కిస్తడని.”

“అది కాగితానికి చెప్పిన. మనిషైతే డ్యాష్ చూసి రాలేదనుకుంటడు. గా మిషనుకేం ఎరుక? ఏం జేస్తున్నదో సూడు పో.” పక్కకు చూసి గొంతు తగ్గించాడు. “నేను చెప్పిన్నని ఎక్కడ అనకు. సమ్మెల ఉండి పని చెప్పిండని నన్ను అంటరు.”

వెనక్కి వచ్చి డ్యాష్‌లన్నీ తుడిచేసింది. గడులు ఖాళీ అయ్యాయి. నేల మీద పాకుతున్న గీతలు మాయమయ్యాయి. ఇప్పుడు గీత సెప్టెంబర్ మధ్యలో ఆగిపోతోంది. మళ్లీ రిపోర్టు వచ్చిన వారం దాకా ఏమీ లేదు. జగదేవ్‌పూర్‌కు చివర ఒంటరిగా ఒక్క చుక్క మిగిలింది. డ్యాష్‌ను మిషను సున్నా అనుకుంటోందని, ఆ పొరపాటు తనకు దొరికిందని ఆ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆమె అడుగు కొంచెం తేలికగా పడింది.

ఇక రంగులు మిగిలాయి. కంప్యూటర్ తన ఇష్టం వచ్చిన రంగులు వేస్తోంది. ఊళ్లో రంగుకొక జెండా ఉన్న కాలం. గులాబీ వేస్తే ఒకరనుకుంటారు, పసుపు వేస్తే ఇంకొకరు. కాషాయానికీ, ఎరుపుకూ కూడా ఎవరో ఒకరున్నారు. ఆకుపచ్చ వేస్తే తన పేరు చూసి వేసిందంటారు. చాలాసేపు రంగుల పెట్టె ముందు కూర్చుని, చివరికి అన్ని గీతలకూ బూడిద రంగు వేసింది.

బుధవారం ప్రమీలాదేవి స్వయంగా వచ్చింది. కారును వెనక సందులో ఆపించి, కొంగు తల మీదికి లాక్కుని ఆమె కూడా వెనక తలుపు గుండానే లోపలికి వచ్చింది. ఆమెది కాకినాడ వైపు. సమ్మె రోజుల్లో ఆ మాట తీరు వినపడకుండా ఉండాలని బయట నోరు మెదపదని ఆమె డ్రైవరు తనతో చెప్పినట్టు కాశయ్య అన్నాడు.

గ్రాఫులు ఒక్కొక్కటే చూసింది. జగదేవ్‌పూర్ దగ్గర ఆగింది.

“ఇదేమిటమ్మా, మధ్యలో తెగిపోయింది?”

“రిపోర్టులు రాలేదు మేడం ఆ వారాలు.”

“రాలేదని నాకూ తెలుసు. తెర మీద ఇలా తెగి కనపడితే పైవాళ్లు ఊరుకుంటారా? ఎందుకు తెగింది అంటారు. ఎవరు పంపలేదు అంటారు. సమ్మెలో ఉన్నవాళ్ల పేర్లు రాసివ్వమని ఇప్పటికే అడుగుతున్నారు. నేను ఎవరి పేరు రాయాలి? రాస్తే ఇక్కడ నేను తిరగగలనా? రాయకపోతే అక్కడ నన్ను ఉంచుతారా?” గొంతు సర్దుకుంది. “కలిపెయ్. గీత అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉండాలి. చేతనవుతుందా, లేదా?”

“చేస్త మేడం.”

“చివరి వారం అంకె ఎక్కడిది?”

“మండలం దవాఖాన నుంచి ఫోన్ల తీసుకున్న మేడం.”

“సరే. అదుంది కదా, చాలు. రేపు సాయంత్రంలోగా నాకు మెయిల్ చెయ్.”

ఆమె వెళ్లిపోయాక జబీన్ అన్ని బొమ్మలూ నొక్కి చూడడం మొదలుపెట్టింది. ఇప్పుడు నొక్కడానికి మునుపటి భయం లేదు. గ్రాఫు మీద కుడి బటను నొక్కితే వచ్చే వరుసలో డేటా ఎంచుకునే చోటు, ఆ చోటులో ఒక మూలన చిన్న బటన్. ఖాళీ గడులను ఎట్లా చూపించాలని ఆ బటన్ అడిగింది. దారులు మూడు. ఖాళీగానే వదిలెయ్యడం. సున్నా అనుకోవడం. అటు చుక్కనూ ఇటు చుక్కనూ గీతతో కలిపెయ్యడం.

మూడోదాన్ని నొక్కింది. తెగిన గీత కలిసిపోయింది. ఎక్కడా అతుకు కనపడలేదు. ఎంత నున్నగా ఉందంటే, ఎప్పుడూ తెగలేదనిపించింది.

గురువారం మధ్యాహ్నం కరెంటు ఉన్నంతసేపట్లోనే అన్నీ పంపేసింది. ప్రమీలాదేవి వెంటనే ఫోన్ చేసింది. “బాగున్నాయమ్మా. శభాష్. మా ఆఫీసులో కూడా ఇంత త్వరగా నేర్చుకున్నవాళ్లు లేరు.” నాన్న పోయాక ఎవరూ జబీన్‌ను ఆ మాట అనలేదు. ఆమె ఆ పూట అన్నం డబ్బా విప్పి కాశయ్యకు కూడా ఇంత పెట్టింది.

కాశయ్య తింటూ తెర వైపు చూశాడు. “గిది ఏ ఊరు బిడ్డా?”

“జగదేవ్‌పూర్ కేంద్రం, కాశన్నా. మీ చెల్లె ఊరు గూడ దీని కిందికే వస్తది.”

“గీత దిగుతున్నదేంది?”

“జరాలు తగ్గుతున్నయన్నట్టు.”

కాశయ్య ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపాడు. “తగ్గుడా? మా కొండవ్వ నిన్ననే ఫోన్ చేసింది. ఇంటింటికి మంచం వడ్డదట. దాని మనుమరాలు నాలుగొద్దుల నుంచి కన్ను తెరుస్తలేదు. గీత ఎట్ల దిగుతది?”

జబీన్ డబ్బా పక్కకు పెట్టి లేచింది. చేయి కడుక్కుని ఎస్తేరుకు ఫోన్ చేసింది. జగదేవ్‌పూర్ కేంద్రం కింద ఊళ్లు తిరిగి జ్వరాల లెక్క పంపే ఆరోగ్య కార్యకర్త ఎస్తేరు. సమ్మెలో ఉంది. నెల నుంచి ఆమె నుంచి కాగితం లేదు.

“రిపోర్టు పంపొద్దని అందరం అనుకున్నం చెల్లె,” అంది ఎస్తేరు. “మందులైతే ఇస్తనే ఉన్న. సంచిల ఎన్నుంటే అన్ని. గోలీలు అయిపోయినయ్. ఏం చెయ్యాలె?”

“మండలం దవాఖానకు పోతలేరా అక్కా? ఆడ తక్కువ మంది వచ్చిన్రని చెప్పిన్రు.”

“బస్సులు బందైనయి గద! జరంతోని మనిషి అంత దూరం నడుస్తడా? ఆటోలకు పైసలుంటే పోయినోళ్లే ఆ నలుగురు. ఏమైంది?”

“ఏం లేదక్కా. గ్రాఫుల… దిగుతున్నట్టున్నది.”

ఫోన్‌లో ఎవరో పిల్ల దగ్గుతున్న చప్పుడు వచ్చింది.

“దిగుతున్నదా? ఎవరు దించిన్రు చెల్లె?”

జబీన్ తెర వైపు చూసింది. సమ్మెకు ముందు ఎక్కువగా ఉన్న అంకె ఒకటి, మొన్న దవాఖాన చెప్పిన చిన్న అంకె ఒకటి. ఆ రెండింటి మధ్య తాను వేసిన వంతెన అది. దాని మీద నుంచి రెండు బృందాలూ వేరే ఊళ్లకు పోతాయి.

“అక్కా, నువ్వు ఫోన్ల అంకె చెప్తవా? నేను ఎక్కిస్త.”

“చెప్తే సమ్మె ఇడిసినట్టే. అందరు కూసున్నరు, నేనొక్కదాన్ని లేస్తనా? నన్ను అడగకు చెల్లె. అంకెతోని ఏం పని? వచ్చి సూడమను.”

ఆ రాత్రంతా జబీన్ పక్కన పడుకున్న తల్లి చేయి పట్టుకునే ఉంది. “ఏమైంది బేటీ, చేతులు ఇట్ల సల్లగున్నయ్?” అని హుస్నాబీ అడిగితే, “ఏం లేదు అమ్మీ,” అంది. నాన్న కబురు తెచ్చిన మనిషి గుమ్మంలో మొదట అన్న మాట అదే.

వీడియో కాన్ఫరెన్స్ ఒక సర్కారు భవనం మీది అంతస్తులో. అక్కడ జనరేటర్ ఉంది, గుమ్మం దగ్గర పోలీసులు ఉన్నారు. గ్రాఫులు ఒకదాని తర్వాత ఒకటి తెర మీదికి తెచ్చే పని జబీన్‌కే అప్పగించారు. గదిలోకి అధికారులు ఇంకా రాలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి ఫైలు తెరిచింది. జగదేవ్‌పూర్ గీత నున్నగా కిందికి దిగుతోంది.

మూలన ఉన్న చిన్న బటన్ దగ్గరికి ఇప్పుడు కళ్లు మూసుకుని కూడా పోగలదు. బాణం గుర్తు దాని మీద పెట్టింది. నొక్కితే మేడం మాట జవదాటినట్టు. నొక్కకపోతే ఎవరూ అడగరు. శభాష్ మిగులుతుంది, కుర్చీ మిగులుతుంది. నస్రీన్ ఫీజు కట్టే గడువు గుర్తొచ్చింది. తండ్రి ఒరిగిపోయిన మిషను గుర్తొచ్చింది. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. నొక్కింది. ఖాళీగానే వదిలేసే మొదటి దారి ఎంచింది. తక్కిన కేంద్రాలకు కూడా, రిపోర్టులు రాని ప్రతి ఊరికీ, అదే చేసింది. తలుపు తెరుచుకునేసరికి చివరిది భద్రమైంది.

ప్రమీలాదేవి తెర పక్క కుర్చీలో కూర్చుంది. హైదరాబాద్ నుంచి ఒక గొంతు ఊరు పేర్లు పిలుస్తోంది. జబీన్ ఒక్కొక్క గ్రాఫు తెస్తోంది. మొదటి తెగిన గీత తెర మీదికి రాగానే ప్రమీలాదేవి తల వెనక్కి తిరిగింది. ఆ చూపు జబీన్ మీద ఆగింది. మళ్లీ ముందుకు తిరిగింది.

జగదేవ్‌పూర్ వచ్చింది.

“ఇక్కడ లైన్ ఎందుకు తెగింది?” అంది గొంతు. “ఇందాక ఒకటి తెగింది, ఇదొకటి. ఏమిటిది?”

జబీన్ ప్రమీలాదేవి వీపు వైపు చూసింది. ఇప్పుడు మేడం ‘ఆపరేటర్ తప్పు చేసింది’ అంటే చాలు. లేదా ఎస్తేరు పేరు చెప్పినా చాలు.

“నివేదికలు అందలేదు సార్,” అంది ప్రమీలాదేవి.

“ఎందుకు అందలేదు? ఎవరు పంపలేదు?”

ఆమె వేలితో కొంగు అంచు నలుపుతోంది. “బస్సులు లేవు సార్. కాగితాలు కదలడం లేదు.”

“చివర్లో ఆ చుక్క?”

“దవాఖానకు చేరుకోగలిగినవాళ్ల లెక్క సార్. చేరుకోలేనివాళ్లది మన దగ్గర లేదు.”

“అంటే అక్కడ ఏం జరుగుతోందో మీకు తెలియదు.”

“తెలియదు సార్.”

గొంతు విసుక్కుంది. “తెలియకపోతే వెళ్లి చూడాలి కదా! ఒక బృందాన్ని ముందు అక్కడికి పంపండి. తర్వాతది?”

జబీన్ తర్వాతది తెచ్చింది. ఏ ఊరు తెచ్చిందో ఆమెకు తెలియదు.

అయ్యాక ప్రమీలాదేవి వరండాలో ఆమెను ఆపింది. మొహం ఎర్రగా ఉంది. “నిన్న నాకు పంపింది ఒకటి, ఇవాళ తెర మీద పెట్టింది ఇంకొకటి. నాకు ఒక్క మాట చెప్పాలని తోచలేదా?”

“చెప్తే మీరు వద్దంటరని భయమైంది మేడం.”

“నేను అక్కడ ఏం చెప్పాలో నాకే తెలియలేదు. నా ఉద్యోగం పోయి ఉంటే? ఏజెన్సీ వాళ్లతో మాట్లాడతాను.” మెట్లు దిగి వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం ఎస్తేరు ఫోన్ చేసింది. బృందం వచ్చిందని, స్కూల్లోనే మంచాలు వేశారని, కొండవ్వ మనుమరాలికి సెలైన్ ఎక్కుతోందని చెప్పింది. “వాళ్లు ఊరు మొత్తం తిరుగుతుంటే నేను దారి సూపెట్టిన. ఇది రిపోర్టు గాదు గద. నీ కొలువు సంగతేంది చెల్లె?”

“తెల్వదక్కా.”

ఆదివారం ఆమె ఫోన్‌ను బియ్యం డబ్బా మీద పెట్టి, వంట చేస్తున్నంతసేపూ దాన్నే చూసింది. నస్రీన్ కాలేజీ దోస్తు చేసిన ఫోన్‌కే కూర గిన్నె చేయి జారింది.

సోమవారం వెనక తలుపు తీసి ఉంది. కాశయ్య లేడు. కంప్యూటర్ పెట్టింది. అది ఆమె పేరుతోనే తెరుచుకుంది. కుర్చీ అంచున కూర్చుని ఉండగా హస్నైన్ ఫోన్ వచ్చింది. ఎత్తడానికి చేయి రాలేదు. ఆగి, మళ్లీ మోగింది.

“ఏం జేసినవ్ బహెన్ నువ్వు?” అన్నాడు. “ఆ మేడం నన్ను ఎంతసేపు తిట్టిందో తెలుసా? మీ పిల్ల చెప్పకుంట మార్చింది, నన్ను అందరి ముందట నిలవెట్టింది అని. నేననుకున్న, ఇంకొకరిని పంపాలె ఇగ. మనిషిని గూడ చూసుకున్న.”

“మరి?”

“మరేముంది! చివరికి ఫోన్ వెట్టెటప్పుడు ఏమన్నదో ఎరుకనా? వచ్చే శుక్రవారం గూడ ఆ పిల్లనే చెయ్యమను అన్నది. తెగిన కాడ తెగినట్టే ఉండనీ, ఏ పేరు మాత్రం రాయొద్దు, ఏం మార్చినా ముందు ఫోన్ చెయ్యమను అన్నది. నాకైతే ఆ మనిషి అర్థంగాలే. నువ్వు మాత్రం జాగర్త. సమ్మె అయిపోయినంక ఏమైతదో నేను జెప్పలేను.”

ఆమె ఫోన్ పెట్టేసింది. సమ్మె అయిపోయినంక ఏమైతది అన్న మాట అప్పుడే ఆమెలో ఎక్కడో ఒక మూల చేరి కూర్చుంది. వరండాలోకి పోయి ఒక గ్లాసు నీళ్లు తాగింది. రోడ్డు అవతల మైకులో పాట మొదలైంది. వెనక్కి వచ్చి, ఆ వారం వచ్చిన నాలుగు కాగితాలను ముందు పెట్టుకుని, అంకెలు ఎక్కించడం మొదలుపెట్టింది.